గాలషీల్స్ యుద్ధ స్మారకం: చూడటానికి వెళ్ళేవారి కోసం ఒక సమీక్ష

స్కాట్లాండ్ దక్షిణ సరిహద్దు ప్రాంతంలో, గాలా వాటర్ అనే చిన్న నది ఒడ్డున, ఒకప్పుడు ఉన్ని మిల్లుల మీద బతికిన గాలషీల్స్ అనే పట్టణం ఉంది. ఆ ఊరి నడిబొడ్డున, మునిసిపాలిటీ భవనాన్ని ఆనుకుని ఒక రాతి గడియార గోపురం లేచి ఉంటుంది. దాని ముందు, గుర్రం మీద కూర్చున్న ఒక కంచు రౌతు కాపలాగా కనిపిస్తాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తిరిగిరాని ఊరివాళ్ళ జ్ఞాపకార్థం 1925 అక్టోబరు 11న ఆవిష్కరించిన స్మారకం ఇది. టికెట్టు లేదు, తలుపు లేదు, వేళలు లేవు. రోడ్డు పక్కనే ఉంటుంది కాబట్టి ఎవరైనా ఎప్పుడైనా వెళ్ళి చూడవచ్చు. అయినా దీన్ని సమీక్షించడానికి కారణం ఉంది. ఎడిన్‌బరాకు వచ్చే మనవాళ్ళు చాలామంది కోట చూసి, కొండలు చూసి, సరస్సు చూసి వెనక్కి వెళ్ళిపోతారు. ఒక రోజు మిగిలితే ఎక్కడికి వెళ్ళాలని అడిగేవారికి నేను ఈ ఊరి పేరే చెబుతాను. అయితే ఏమీ తెలుసుకోకుండా వెళ్ళి ఫొటో తీసుకుని వచ్చేవారికి ఇక్కడ దక్కేది తక్కువ. అందువల్ల ఈ సమీక్షలో స్మారకంతో పాటు, దాని మీది పేర్లను చదవడానికి పనికివచ్చే ఒక ఉచిత సేవ గురించి, అంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వారి అంతర్జాల జాబితా గురించి కూడా రాస్తున్నాను. ఈ రెంటినీ కలిపి చూసినప్పుడే ఈ ప్రయాణానికి పూర్తి విలువ ఉంటుందని నా అభిప్రాయం.

వెళ్ళడం సులువు. ఎడిన్‌బరా వేవర్లీ స్టేషన్‌లో ట్వీడ్‌బ్యాంక్ వెళ్ళే రైలు ఎక్కితే గంట లోపే గాలషీల్స్‌లో దిగవచ్చు. ఈ సౌకర్యం చాలాకాలం లేదు. 1969 జనవరిలో పాత రైలుమార్గాన్ని మూసివేశాక నలభై ఆరేళ్ళకు పైగా ఈ ప్రాంతానికి రైలే లేదు. స్థానికుల పట్టుదల ఫలించి 2015 సెప్టెంబరులో ప్రయాణికుల రైళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. స్టేషన్ నుంచి స్మారకం దాకా తాపీగా నడిచినా ఎక్కువ సేపు పట్టదు, టాక్సీ అవసరం లేదు.

ముందుగా రౌతు గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ స్మారకానికి ప్రాణం అతనే. బ్రిటన్‌లో ఏ ఊరికి వెళ్ళినా యుద్ధ స్మారకం ఒకటి ఉంటుంది. శిలువో, రాతిస్తంభమో, రెక్కలు విప్పిన దేవతో, తుపాకీని తలకిందులుగా పట్టుకుని తల వంచిన సైనికుడో కనిపిస్తారు. గాలషీల్స్ వీటిలో దేన్నీ ఎంచుకోలేదు. తన గతంలోంచి ఒక మనిషిని పిలిచి నిలబెట్టింది. తలమీద ఇనుప టోపీ, ఒంటిమీద యుద్ధపు అంగీ, చేతిలో బల్లెం, కింద ఆ కొండల్లో తిరగడానికి అలవాటుపడిన గట్టి గుర్రం. పదహారో శతాబ్దంలో ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దుల మీద బతికిన రీవర్ల రూపం అది. రాజుల సైన్యాలు అటూ ఇటూ నడిచి పంటలు తగలబెట్టిన ఆ నేలలో, రాత్రిపూట గుర్రాలెక్కి పక్క లోయలోని పశువులను తోలుకురావడం వాళ్ళకు జీవనోపాధి. తమ పశువులు పోతే మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవడం, దారిలో అడ్డువచ్చినవాణ్ణి చంపడం కూడా అందులో భాగమే. 1525లో గ్లాస్గో ఆర్చిబిషప్ గావిన్ డన్‌బార్ వీళ్ళను నిలువెల్లా శపిస్తూ ఒక సుదీర్ఘమైన శాపపత్రం జారీ చేశాడంటే వీళ్ళ ఆగడాలు ఏ స్థాయిలో ఉండేవో ఊహించుకోవచ్చు. 1603లో రెండు దేశాల కిరీటాలు ఒకే తల మీదికి వచ్చిన తరువాత రాజు వీళ్ళను కఠినంగా అణచివేశాడు.

అలాంటి మనిషిని యుద్ధ స్మారకం మీద నిలబెట్టడం సరైనదేనా అన్న ప్రశ్న నన్ను చాలాసేపు వదలలేదు. దోపిడిగాణ్ణి వీరుడిగా చూపడం చరిత్రకు న్యాయం చేసినట్టు కాదన్న వాదనలో బలం ఉంది. కానీ విగ్రహాన్ని దగ్గరగా చూసినప్పుడు శిల్పి ఏమి చేశాడో తెలుస్తుంది. అతని రౌతు దాడికి పోవడం లేదు. గుర్రం పరుగెత్తడం లేదు. కాళ్ళ కింద ఓడిపోయిన శత్రువు లేడు. విజయోత్సాహం అసలే లేదు. సరిహద్దు మీద నిలబడి దూరంగా చూస్తున్న పహరావాడిలా ఉన్నాడు. వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తున్నారేమోనని చూస్తున్నట్టు కూడా అనిపిస్తుంది. ఇది నా ఊహే తప్ప శిల్పి చెప్పిన మాట కాదు. అయినా, 1925లో ఈ విగ్రహం ముందు నిలబడిన తల్లులకు యుద్ధం ఒక గెలుపుగా కనిపించి ఉండదని మాత్రం నమ్మకంగా చెప్పగలను. గెలుపును చూపని నిగ్రహమే ఈ శిల్పంలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం.

శిల్పి పేరు థామస్ క్లాపర్టన్. 1879లో ఇదే ఊళ్ళో పుట్టారు. గ్లాస్గోలోనూ లండన్‌లోని రాయల్ అకాడమీలోనూ చదువుకుని లండన్‌లో స్థిరపడినా సరిహద్దు పట్టణాలు తమకు కావలసిన విగ్రహాల కోసం ఆయన దగ్గరికే వెళ్ళేవి. పొరుగున ఉన్న సెల్‌కిర్క్‌లో స్కాట్లాండ్ ఇంగ్లండ్ చేతిలో ఓడిపోయిన 1513 నాటి ఫ్లాడెన్ యుద్ధానికి నాలుగు వందల ఏళ్ళు నిండిన సందర్భంగా పెట్టిన విగ్రహం ఆయనదే. ఆ యుద్ధానికి ఊరి నుంచి వెళ్ళినవాళ్ళలో ఫ్లెచర్ అనే ఒక్కడే శత్రువుల జెండాతో తిరిగివచ్చాడని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. ఎడిన్‌బరా కోట ద్వారం దగ్గర ఒక పక్కన నిలబడి ఉండే పాతకాలపు స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ విగ్రహాన్ని కూడా క్లాపర్టనే చేశారు. కోటకు వెళ్ళే మనవాళ్ళు దాని ముందు ఫొటో దిగుతారు గాని శిల్పి ఎవరని ఎవరూ అడగరు. అదే చేతులు చేసిన మరో పని ఇక్కడ ఉందని తెలిసి వస్తే రెండింటినీ పోల్చి చూసుకోవచ్చు. నన్ను అడిగితే, బ్రూస్ కన్నా ఈ పేరులేని రౌతే మేలైన పని.

గోపురం రాబర్ట్ లోరిమర్‌ది. ఆయన అప్పటికే స్కాట్లాండ్‌లో పేరుమోసిన వాస్తుశిల్పి. ఎడిన్‌బరా కోట లోపల 1927లో ప్రారంభమైన స్కాటిష్ జాతీయ యుద్ధ స్మారకం కూడా ఆయన రూపకల్పనే. గాలషీల్స్‌లో ఆయన కట్టినది పాత సరిహద్దు కోట బురుజును తలపించే దృఢమైన రాతి గోపురం. అలంకారం తక్కువ, బరువు ఎక్కువ. రీవర్ల కాలంలో దాడి జరిగినప్పుడు జనం పశువులతో సహా తలదాచుకునే బురుజులు ఈ ప్రాంతమంతటా ఉండేవి. గోపురానికి ఆ పోలిక తేవడం వల్ల రౌతుకు వెనుక ఒక ఇల్లు ఉన్నట్టు, అతను దాన్ని కాపాడుతున్నట్టు అర్థం ఏర్పడింది. ఒకరు గోపురం, మరొకరు విగ్రహం చేసినా, రెండూ ఒకే చేతి పనిలా కలిసిపోయాయి. రెండూ చక్కగా కనిపించాలంటే మరీ దగ్గరికి పోకుండా రోడ్డుకు అవతల నిలబడి చూడాలి. అక్కడి నుంచి చూస్తే రౌతు తల గోపురం రాయి మీదికి వచ్చి, కంచు నలుపు రాతి రంగు మీద స్పష్టంగా తేలుతుంది.

గడియారం సంగతి కూడా చెప్పుకోవాలి. యుద్ధం ముగిసిన తొలి సంవత్సరాల్లో బ్రిటన్‌లో ఊరూరా ఒక వాదన నడిచింది. చందాలు పోగుచేసి కట్టే స్మారకం బతికినవారికి పనికివచ్చే ఆసుపత్రో, సమావేశ మందిరమో అయి ఉండాలని కొందరు వాదించారు. అలా కడితే కొన్నేళ్ళకు అది మామూలు భవనమైపోయి చనిపోయినవారు మరుగున పడతారని, అందువల్ల ఏ ఉపయోగమూ లేని స్మారకమే ఉండాలని మరికొందరు అన్నారు. గాలషీల్స్ మధ్యేమార్గం తీసుకుంది. గోపురం స్మారకమే, కానీ దాని మీది గడియారం ఊరందరికీ వేళ చెబుతుంది. బస్సు కోసం పరుగెత్తేవాడు, బడికి పోయే పిల్లవాడు, కొట్టు కట్టేసేవాడు రోజూ దానివైపు తల ఎత్తుతారు. ఏడాదికి ఒక్కసారి పుష్పచక్రాలు పెట్టి వెళ్ళిపోయే స్మారకం కన్నా, రోజూ జనం చూపు తగిలే స్మారకం గొప్పదని నేను అనుకుంటాను.

ఇంత ఖర్చుపెట్టి, ఇంత శ్రద్ధతో ఒక చిన్న ఊరు దీన్ని ఎందుకు కట్టుకుందన్నది అసలు విషయం. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ సైనికుల శవాలను స్వదేశానికి తీసుకురాకూడదని 1915 నుంచే ప్రభుత్వం నిర్ణయించింది. డబ్బున్నవారి కొడుకులు ఇంటికి చేరి, పేదల కొడుకులు పరాయి నేలలో మిగిలిపోవడం అన్యాయమన్నది ఒక కారణం, లక్షల శవాలను తరలించడం అసాధ్యమన్నది మరొకటి. ఫలితంగా గాలషీల్స్‌లోని ఒక మిల్లు కార్మికురాలికి కొడుకు సమాధి అంటూ ఊళ్ళో ఏమీ మిగలలేదు. అసలు శవమే దొరకనివారి సంగతి సరేసరి. ఊరి స్మారకం మీద చెక్కిన పేరే వాళ్ళకు సమాధి. అక్కడ పూలు పెట్టారు, అక్కడే ఏడ్చారు. దీన్ని అర్థం చేసుకున్నాక ఆ పేర్ల వరుసల ముందు నిలబడే తీరు మారుతుంది.

ఆ పేర్లలో గల్లిపోలి నీడ చాలా ఎక్కువ. కింగ్స్ ఓన్ స్కాటిష్ బోర్డరర్స్ అనే రెజిమెంటులోని నాలుగో బెటాలియన్‌ను బోర్డర్ బెటాలియన్ అనేవారు. వారాంతాల్లో కవాతు చేసే మామూలు ఉద్యోగులతో, మిల్లు కార్మికులతో, రైతు బిడ్డలతో నిండిన స్వచ్ఛంద సైన్యం అది. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు దాని కేంద్రం గాలషీల్స్. ఒకే వీధిలోవాళ్ళు, ఒకే మగ్గాల గదిలోవాళ్ళు, ఒకే రగ్బీ జట్టులోవాళ్ళు పక్కపక్కన నిలబడి పేర్లు రాయించుకున్నారు. 1915 జూన్‌లో వీళ్ళను టర్కీలోని గల్లిపోలి ద్వీపకల్పం కొసన, హెలెస్ దగ్గర దింపారు. ఫ్రాన్స్‌కు పోతామనుకుని చేరినవాళ్ళకు ఆ ఎండ, ఆ ఈగలు, ఆ నీటి కరవు అలవాటు లేనివి.

1915 జూలై 12 ఉదయం వీళ్ళకు టర్కీ కందకాలను పట్టుకోమని ఆజ్ఞ వచ్చింది. వరసగా మూడు కందకాలు ఉన్నాయని, మూడోదాని దాకా పోవాలని చెప్పారు. మొదటి రెండూ పట్టుబడ్డాయి. మూడో కందకం కోసం ముందుకు సాగిన బోర్డరర్లకు అది కనిపించలేదు. పటంలో గీసి ఉన్న ఆ మూడో కందకం నేల మీద లేదు. ఉన్నదల్లా ఒక మనిషి కూడా దాక్కోలేనంత లోతు తక్కువ గీత. దాన్ని వెతుక్కుంటూ పోయినవాళ్ళు ఏ అండా లేని నేల మీద కాల్పులకు దొరికిపోయారు. కమాండింగ్ అధికారి కూడా ఆ రోజే మరణించారు. సాయంత్రానికి బెటాలియన్‌లో సగానికి పైగా చనిపోయినవారో, గాయపడినవారో, జాడ తెలియనివారో అయ్యారు. గాలషీల్స్, హాయిక్, సెల్‌కిర్క్, కెల్సో లాంటి చిన్న ఊళ్ళకు ఆ ఒక్క పూట నుంచి వార్తలు రావడం వారాల తరబడి సాగింది. ఒకే ఊరి మనుషులను ఒకే దళంలో ఉంచితే ధైర్యం పెరుగుతుందన్నది సైన్యం లెక్క. ఆ దళం ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోతే ఊరి పరిస్థితి ఏమవుతుందన్నది ఆ లెక్కలో లేదు.

ఈ సంగతి స్మారకం చెప్పదు. ఇది దాని మొదటి లోపం. పేర్ల జాబితా ఎవరు పోయారో చెబుతుంది గాని ఎక్కడ, ఎలా, ఎవరి తప్పువల్ల పోయారో చెప్పదు. అంతా కలిపి ఒక గౌరవప్రదమైన మౌనంగా మారిపోతుంది. అప్పటి ఊరిపెద్దలకు అది అవసరమై ఉండవచ్చు. ఇవాళ వచ్చే సందర్శకుడికి మాత్రం అది చాలదు. రెండో లోపం కూడా ఉంది. ఇది మిల్లుల ఊరు. ఆ మిల్లుల్లో పనిచేసినవారిలో ఆడవాళ్ళు పెద్దసంఖ్యలో ఉండేవారు. యుద్ధం మోపిన భారాన్ని ఆ తరువాతి నలభై యాభై ఏళ్ళు మోసినది వాళ్ళే. గుర్రం మీది మగవాడి విగ్రహంలో వాళ్ళ జాడ ఎక్కడా లేదు. విగ్రహం గొప్పదనాన్ని ఇది తగ్గించదని నా నమ్మకమే, అయినా చూసేవారు ఆ ఖాళీని గుర్తుపెట్టుకోవాలి.

ఆవిష్కరణ ఎవరు చేశారన్నది మరో ఆలోచించదగ్గ విషయం. 1915 డిసెంబరు నుంచి యుద్ధం ముగిసేదాకా పశ్చిమ రంగంలో బ్రిటిష్ సైన్యాలను నడిపిన ఫీల్డ్ మార్షల్ హేగ్ స్వయంగా వచ్చి ఈ స్మారకాన్ని ఆవిష్కరించారు. ఆయన పూర్వీకుల ఊరు బెమర్‌సైడ్ ఇక్కడికి దగ్గరే. యుద్ధం తరువాత అక్కడి ఎస్టేటును ఆయనకు కానుకగా ఇచ్చారు. సోమ్ యుద్ధంలో, పాషెన్‌డేల్‌లో లక్షల ప్రాణాలు బలైన తీరుకు ఆయన్ను తప్పుపట్టే చరిత్రకారులు ఇప్పటికీ ఉన్నారు, సమర్థించేవారూ ఉన్నారు. గల్లిపోలి మాత్రం ఆయన అధికారంలో లేదు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల సంక్షేమం కోసం ఆయన చివరిదాకా తిరిగిన మాట కూడా నిజం. ఆయన భార్య 1926లో ఎడిన్‌బరాలో, యుద్ధమృతుల స్మృతిచిహ్నంగా ధరించే కృత్రిమ పాపీ పువ్వుల కర్మాగారం ప్రారంభించి వికలాంగులైన మాజీ సైనికులకు పని కల్పించారు. నవంబరులో ఈ స్మారకం పాదం దగ్గర పరుచుకునే ఎర్రటి పాపీలను దగ్గరగా చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. స్కాట్లాండ్ పాపీకి నాలుగు రేకులుంటాయి, ఆకు ఉండదు. ఇంగ్లండ్‌లో అమ్మే దానికి ఆకు ఉంటుంది.

సమయం ఉంటే ఇక్కడి నుంచి డ్రైబరో మఠం శిథిలాల దాకా వెళ్ళండి. 1928లో చనిపోయిన హేగ్ సమాధి అక్కడ ఉంది. అంత పెద్ద హోదా ఉన్నవాడికి అక్కడ పెట్టినది యుద్ధభూముల్లో మామూలు సిపాయికి పెట్టిన లాంటి సాదా రాతిపలక. దగ్గరలోనే ప్రసిద్ధ నవలా రచయిత వాల్టర్ స్కాట్ సమాధి పెద్ద కట్టడంగా ఉంటుంది. రెండూ ఒకే చోట చూడటం వల్ల, హోదా భేదం లేకుండా అందరికీ ఒకే రకం రాయి అన్న నియమం ఆ కాలానికి ఎంత కొత్తదో అర్థమవుతుంది.

ఆ నియమం పెట్టినది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. 1917 మేలో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ పేరుతో మొదలై, 1960లో ఇప్పటి పేరు పెట్టుకుంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన దాదాపు 17 లక్షల మంది వివరాలు వీరి దగ్గర ఉన్నాయి. ఆ జాబితాను ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. రైల్లో కూర్చున్నప్పుడే ఫోనులో ఈ పని చేయండి. రెజిమెంటు పేరు దగ్గర కింగ్స్ ఓన్ స్కాటిష్ బోర్డరర్స్ అని, మరణించిన తేదీ దగ్గర 1915 జూలై 12 అని ఇవ్వండి. తెర మీద వరసలు దిగుతూనే ఉంటాయి. అన్నిటికీ ఒకే తేదీ. స్మృతిస్థలం దగ్గర ఎక్కువగా ఒకే పేరు, హెలెస్ స్మారకం. అంటే శవం దొరకలేదనో, దొరికినా గుర్తించలేకపోయారనో అర్థం. కొన్ని వరసలు తెరిచి చూస్తే తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వీధి కూడా కనిపిస్తాయి. ఆ వివరాలు కుటుంబాలు ఇచ్చినవి. ఈ జాబితా చదువుకుంటూ గాలషీల్స్ స్టేషన్‌లో దిగినవారికి స్మారకం దగ్గర ఎవరూ ఏమీ వివరించాల్సిన అవసరం ఉండదు.

సేవగా దీని నాణ్యత చాలా మంచిది. తెర సాదాగా ఉంటుంది, ఫలితాలను దింపుకోవచ్చు, డబ్బు అడగరు. బ్రిటన్‌లోని స్మారకాలనే వెతకాలంటే ఇంపీరియల్ వార్ మ్యూజియం వారి స్మారకాల జాబితా వేరే ఉంది, అదీ ఉచితమే. కమిషన్ జాబితా మనిషిని పట్టి వెతకడానికి, మ్యూజియం జాబితా కట్టడాన్ని పట్టి వెతకడానికి పనికివస్తాయి.

అయితే తెలుగు పాఠకుడిగా ఇక్కడ నేను చెప్పకుండా ఉండలేని మాట ఒకటి ఉంది. గాలషీల్స్ తన మిల్లు కార్మికుల పేర్లను కంచులో, రాతిలో నిలుపుకున్న కాలంలోనే, ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద అదే కమిషన్ భారతీయ అధికారుల పేర్లు మాత్రం చెక్కించి, మామూలు భారత సిపాయిలను దళాలవారీగా సంఖ్యలతో సరిపెట్టింది. హోదా భేదం లేదన్న నియమం అక్కడ ఆగిపోయింది. మెసొపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్ రంగంలో మదరాసు సాపర్స్ అండ్ మైనర్స్ అనే సైనిక ఇంజనీరింగ్ దళాలు పనిచేశాయి. అప్పటి మదరాసు రాజధానిలో కోస్తా జిల్లాలూ రాయలసీమా ఉండేవి కాబట్టి ఆ సంఖ్యల్లో మనవాళ్ళు లేరనుకోవడానికి వీల్లేదు. 2021 ఏప్రిల్‌లో కమిషన్ తానే వేయించిన విచారణ నివేదిక బయటికి వచ్చింది. ఆసియా, ఆఫ్రికా దేశాలవారిలో 45,000 నుంచి 54,000 మందిని అసమానంగా స్మరించారని, మరో 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మరించలేదని లేదా అసలే స్మరించలేదని ఆ నివేదిక ఒప్పుకుంది. కమిషన్ క్షమాపణ చెప్పింది. అప్పటి నుంచి పాత రిజిస్టర్లు తిరగేసి పేర్లు చేర్చే పని సాగుతోంది. తప్పును బయటపెట్టి సరిదిద్దుకునే పని మొదలుపెట్టినందుకు వారిని గౌరవిస్తాను. వందేళ్ళు పట్టినందుకు బాధపడతాను.

మీ కుటుంబంలో, ఊళ్ళో ఎవరైనా ఆ యుద్ధానికి వెళ్ళి తిరిగిరాలేదన్న మాట వినిపిస్తూ ఉంటే ఈ జాబితాలో వెతికి చూడండి. భారత సైన్యం అన్న వడపోత ఎంచుకుని, ఇంటిపేరు కాకుండా పిలుపు పేరు ఇవ్వడం మేలు. అప్పటి గుమాస్తాలు తోచినట్టు రాసుకున్నారు కాబట్టి ఒకే పేరును మూడు నాలుగు వర్ణక్రమాల్లో ప్రయత్నించాలి. జిల్లాల పేర్లు కూడా పాత పద్ధతిలోనే, విజగపటం, కిస్ట్నా, కడప్పా అని ఉంటాయి. చెన్నైలోని మదరాసు యుద్ధ శ్మశానంలో 1914-1918 నాటి స్మారకం ఒకటి ఉంది, దాని జాబితా కూడా ఇక్కడే దొరుకుతుంది. నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా రంగంలో పనిచేశారు. ఢిల్లీలోని తీన్ మూర్తి స్మారకంలో నిలబడిన ముగ్గురిలో ఒకరు వాళ్ళకు ప్రతినిధి. గల్లిపోలిలో బతికి బయటపడ్డ గాలషీల్స్ బెటాలియన్ కూడా ఆ తరువాత ఈజిప్టు మీదుగా అదే పాలస్తీనా రంగానికి చేరింది. పశ్చిమ గోదావరిలోని మాధవరం పేరు వినని తెలుగువారు తక్కువ. మిలిటరీ మాధవరంగా పేరుబడ్డ ఆ ఊరిలోనూ సైనికుల స్మారకం ఉంది. దాన్ని చూసినవారు గాలషీల్స్ చూస్తే, ఇంత చిన్న ఊరు ఇంతమందిని ఎలా పంపిందన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటేనని గమనిస్తారు.

ఎప్పుడు వెళ్ళాలంటే, రెండు సందర్భాలు చెబుతాను. నవంబరు రెండో ఆదివారం ఉదయం పదకొండు గంటలకు బ్రిటన్ అంతటా జరిగే స్మృతి కార్యక్రమం ఇక్కడా జరుగుతుంది. రెండు నిమిషాల మౌనం పాటించేటప్పుడు ఫోను బయటికి తీయకండి, ఫొటోలు తరువాత తీసుకోవచ్చు. రెండోది, 1930లో మొదలై ఏటా వేసవిలో జరిగే బ్రా లాడ్స్ గ్యాదరింగ్ అనే ఊరి ఉత్సవం. ఆ రోజున ఊరి యువకుడు ఒకడు నాయకుడై, వందల గుర్రాలతో ఊరి పొలిమేరలు తిరిగివచ్చి స్మారకం దగ్గర నివాళి అర్పిస్తారు. కంచు రౌతు ముందు నిజమైన రౌతులు వచ్చి నిలబడినప్పుడు ఈ విగ్రహాన్ని ఊరు ఎందుకు ఎంచుకుందో మాటలతో పనిలేకుండా తెలుస్తుంది. జనసమ్మర్దం ఇష్టం లేనివారు మామూలు రోజున, ఉదయం పూట వెళ్ళడం మంచిది. వాన ఎప్పుడైనా పడవచ్చు, గొడుగు కన్నా టోపీ ఉన్న వానకోటు నయం.

స్మారకం ఒక్కటి చూడటానికి అరగంట చాలు కాబట్టి, మిగిలిన సమయానికి హైస్ట్రీట్‌లోని గ్రేట్ టేపెస్ట్రీ ఆఫ్ స్కాట్లాండ్ చూడండి. వెయ్యి మంది స్వచ్ఛందంగా కుట్టిన 160 పలకల్లో దేశ చరిత్రంతా ఉంది. 2021లో తెరిచారు, దీనికి టికెట్టు ఉంది, పిల్లలకు స్మారకం కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది. స్మారకంలో కనిపించని ఆడవాళ్ళ పనితనం ఈ కుట్టుపనిలో కనిపిస్తుంది. పెద్ద కొండలు, కోటలు, మంచి ఫొటోలు కావాలనుకునేవారికి ఈ ఊరు నిరాశే మిగులుస్తుంది, వాళ్ళను ఇక్కడికి రమ్మని నేను చెప్పను. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు, సైన్యంలో పనిచేసినవారి కుటుంబాలవారు, ఇక్కడ స్థిరపడి పిల్లలకు ఈ దేశం గురించి బళ్ళో చెప్పనిది చెప్పాలనుకునే తల్లిదండ్రులు తప్పక రావాలి. డ్రైబరో కూడా చూడదలిస్తే ఉదయం రైలుకే బయలుదేరండి. అక్కడికి రైలు లేదు, బస్సూ కొంత నడకా, లేదా టాక్సీ. మఠం మూసే వేళను ముందే చూసుకుని వెళ్ళండి.